మామూలు మంట

మీ దగ్గర దాచడం ఎందుకు, సూదిని చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి. రోజంతా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికి పట్టుకునే నేను, నా చేతికి ఏం గుచ్చుతున్నారో మాత్రం చూడను. ఇంట్లో నన్ను డ్రామా కంపెనీ అంటారు. ఆ పేరు పెట్టింది అక్క. అక్క నర్సు.

రక్తంలో క్యాల్షియం బాగా పడిపోయిందని నన్ను అక్క పనిచేసే ఆసుపత్రిలోనే చేర్చారు. కుడి మణికట్టు దగ్గర సూది తనే పెట్టింది. క్యాల్షియం ఎక్కడం మొదలైన కాసేపటికి చెయ్యి కాలసాగింది.

"అక్కా, మండుతోందే."

"క్యాల్షియం కదా, మామూలే."

"మామూలు మంట కాదే. పెనం మీద పెట్టినట్టుంది."

"మొదలెట్టావా, డ్రామా కంపెనీ? పక్క బెడ్ తాతగారిని చూడు, కిక్కురుమనడం లేదు."

"ఆయన మత్తులో ఉన్నాడే!"

ఇద్దరం నవ్వుకున్నాం. ఇంతలో మందు ఎక్కించే మెషిన్ కూత పెట్టింది. అక్క ఒక బటన్ నొక్కి, నా చెయ్యి చూడకుండానే వెళ్లిపోయింది. మా ఆఫీసులో అలారం నోరు అలా నొక్కితే పెద్ద పంచాయితీ అవుతుంది. నొక్కింది అక్క కదా అని ఊరుకున్నాను.

డ్యూటీ మారాక వచ్చిన నర్సు దుప్పటి తీసి, "అయ్యో, ఇదేంటమ్మా!" అంది. సూది నరంలోంచి జారిపోయింది. మందంతా చర్మం కింద చేరి చెయ్యి ఉబ్బి రాయిలా బిగిసింది. తర్వాత ఆ చోటు నల్లబడింది.

"ఇక్కడ చర్మం చచ్చిపోయిందమ్మా. తొడ నుంచి తీసి అతకాలి," అన్నారు డాక్టర్. "మండినప్పుడు ఎవరికైనా చెప్పాల్సింది."

నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. "చెప్పలేదు సార్. చెప్పుంటే అప్పుడే ఆపేసేదాన్ని. పైగా చెయ్యి తెగ కదిపింది."

తడుముకోలేదు కూడా.

ఆయన వెళ్లాక అడిగాను. "నేను చెప్పలేదా?"

"నా ఉద్యోగం పోతుందే. సొంత చెల్లివి, అర్థం చేసుకుంటావనుకున్నా."

"అదే తాతగారు మండుతోందని చెప్పుంటే?"

"వెంటనే ఆపి చూసేదాన్ని. పేషెంట్ కదా."

అనేశాక గానీ తనేం అందో తనకి తెలియలేదు.

నేను బెల్ నొక్కి, డాక్టర్‌ని మళ్లీ పిలిపించాను. "వద్దే," అంది అక్క మెల్లగా. మంట సంగతి, మెషిన్ సంగతి మొత్తం చెప్పాను.

"ఎవరికి చెప్పారమ్మా అప్పుడు?"

"మీ నర్సుకి," అన్నాను.

ఇప్పుడు ఇంట్లో అందరికీ నేనే దోషిని. మీ నొప్పిని మీవాళ్లే కొట్టిపారేసిన రోజు మీకూ ఉంటే రాయండి. ఎడమ చేత్తో టైప్ చేస్తున్నాను, జవాబు కాస్త ఆలస్యమవుతుంది.