నీలం రాని నీళ్లు

ఫోన్లో అక్క గొంతు మామూలుగానే ఉంది. అందుకే అతనికి భయం వేసింది.

"చిన్నా, మొక్కజొన్న ఆకుల అంచులు ఊదా రంగుకి తిరిగాయి. చూట్టానికి బాగానే ఉందిలే, పెళ్లికి ముస్తాబు చేసినట్టు. మొక్క మాత్రం ఎదగట్లేదు. మోకాలి దాకా రావాల్సింది చీలమండ దగ్గరే ఆగిపోయింది."

"చలికేమో అక్కా. నేల చల్లబడినా అలా అవుతుంది. కొన్నాళ్లు చూద్దాం."

"పక్క చేలో వాళ్లకి చలి వెయ్యట్లేదు కాబోలు."

ఆమె నవ్వింది. అతను నవ్వలేకపోయాడు. భాస్వరం అందకపోయినా ఆకులు అలాగే ఊదాగా మారతాయి.

ఊరి మురుగునంతా శుద్ధి చేసే ప్లాంటులో అతను కెమిస్టు. శుద్ధి చేయగా మిగిలిన బురదను వేడి డ్రమ్ముల్లో ఎండబెట్టి, గుళికలు చేసి, రైతులకు ఎరువుగా ఇస్తారు. ఈ ఏడాది అక్క మొదటిసారిగా ఒంటరిగా భూమి కౌలుకు తీసుకుంది. "ఈ పంట చూస్తాను. బాగా వస్తే వచ్చే ఏడు కూడా కౌలు నీదే, లేకపోతే ఇంకొకరికి ఇస్తాను" అని పొలం ఆసామి ముందే చెప్పాడు. బస్తా ఎరువు కొనబోతుంటే అక్కను ఆపింది అతనే. "మా గుళికల్లో కావలసినంత భాస్వరం ఉంది, నా మాట విను" అన్నాడు. అబద్ధం కాదు. తన చేత్తో కొలిచాడు. నిరుటికంటే ఎక్కువే వచ్చింది.

ఎక్కువ ఎందుకు వచ్చిందో కూడా అతనికి తెలుసు. నిరుడు తొట్టెల్లో సూక్ష్మజీవులు భాస్వరాన్ని మింగేవి. వాటికి ఒక రోజు ఆకలి, ఒక రోజు అలక. అవి మింగనిది చెరువులోకి పోయి, చెరువంతా నాచు పట్టింది. అందుకని ఈ ఏడాది తొట్టెల్లో ఇనుప ద్రావణం పోయడం మొదలుపెట్టారు. నీళ్లలో దొరికిన భాస్వరాన్నల్లా ఇనుము పట్టుకుని బురదలోకి లాగేసింది. చెరువు తేటపడింది. ఆ రోజు అతను తన భుజం తనే తట్టుకున్నాడు.

అక్క ఫోన్ చేసిన ఆ వారమంతా ఒక ఆలోచన తలుపు బయట నిలబడి ఉంది. అతను తలుపు తీయలేదు. ఆఫీసుకు వెళ్లాడు, నీళ్లు పరీక్షించాడు, భోజనం చేశాడు. చేతులు కడుక్కుంటున్నప్పుడు మాత్రం తలుపు దానంతటదే తెరుచుకుంది. భాస్వరం కొలవడానికి తను గుళికలను ఘాటైన యాసిడ్‌లో ఉడకబెడతాడు. అందులో రాయి కూడా కరుగుతుంది. మరి వేరుకు అంత యాసిడ్ ఎక్కడిది?

కుళాయి కట్టేయడం మర్చిపోయి ల్యాబ్‌లోకి నడిచాడు.

నిరుటి గుళికలు కొన్ని, ఈ ఏటివి కొన్ని నూరాడు. ఈసారి యాసిడ్ ముట్టుకోలేదు. వంట సోడా కలిపిన నీళ్లలో వేసి ఊపాడు. వేరు తీసుకోగలిగినదాన్ని మాత్రమే ఆ నీళ్లు తీసుకుంటాయి. వడపోసి, రెండు గాజు గొట్టాల్లో రంగు తెప్పించే మందు కలిపాడు. భాస్వరం ఉంటే నీళ్లు నీలంగా మారాలి.

నిరుటి గొట్టం మెల్లగా నీలమైంది. ఈ ఏటి గొట్టం మామూలు నీళ్లలాగే ఉండిపోయింది.

కాసేపు ఆగితే వస్తుందనుకున్నాడు. కిటికీ దగ్గరకు తీసుకెళ్లాడు. వచ్చిందనిపించింది. అది ఆకాశం రంగు. చొక్కా అడ్డం పెట్టి చూశాడు, పోయింది.  గొట్టాన్ని మళ్లీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు.

"ఏంటయ్యా, గొట్టానికి దిష్టి తీస్తున్నావా?" అంటూ మేనేజరు లోపలికి వచ్చాడు.

"సార్, ఇనుము పట్టుకున్నది వదలట్లేదు."

"వదిలేసేదైతే మనం ఇనుము ఎందుకు పోస్తాం? చెరువు చూశావా, అడుగున రాళ్లు కనిపిస్తున్నాయి!"

"చెరువు బాగుంది సార్. పొలాలు…"

"పొలాల సంగతి నీకెందుకు? మన పని నీళ్లు."

"మా అక్క వేసింది సార్."

మేనేజరు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు, మళ్లీ పెట్టుకోలేదు. కిటికీ బయట గుళికలు నింపుకున్న బండి ఒకటి గేటు వైపు కదులుతోంది. ఇద్దరూ దాన్నే చూశారు.

"బండ్లు నేను ఆపిస్తాను. ముందు మీ అక్కకి చెప్పు. ఫోన్లో కాదు, వెళ్లి చెప్పు" అన్నాడు మేనేజరు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని మాటలు కూర్చుకున్నాడు. ఒక్క వాక్యం నిలబడలేదు. అక్క తిట్టే మనిషైతే ఇంత భయం ఉండేది కాదు. చిన్నప్పుడు అతను ఏది పాడుచేసినా ఆమె నోరెత్తేది కాదు. పక్కకు జరిపి ఆ పని తనే చేసుకునేది. అలా జరిపినప్పుడు భుజం మీద తగిలే చెయ్యి అతనికి ఇప్పటికీ గుర్తే. ఎక్కడో ఇంకా ఆశ మిగిలి ఉంది. చలే కావచ్చు. కానీ బయట ఎండ మండిపోతోంది. మెడ మీద జారిన చెమట తుడుచుకున్నాడు.

పొలం దూరం నుంచే ఊదాగా కనిపించింది. గట్టు వెంబడి ఒక చారలో మాత్రం మొక్కలు పచ్చగా, నిటారుగా ఉన్నాయి.

"పక్క చేనివాళ్లు బస్తా మోస్తుంటే అక్కడ ఎరువు ఒలికింది. నా చేలో అదొక్కటే పంటలా ఉంది" అంది అక్క.

అతను కూర్చుని వేలితో మట్టి తవ్వాడు. గుళిక దొరికింది. మిరియపు గింజలా గట్టిగా, వేసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. చలి కాదు. చెప్పాడు. కూర్చుకున్న మాటలేవీ రాలేదు, వచ్చినవే చెప్పాడు.

"అంటే భాస్వరం ఉంది, కానీ మొక్కకి అందదు. అంతేగా?"

"కొంచెం కొంచెంగా వదులుతుంది. ఏళ్లు పడుతుంది."

"మొక్కజొన్నకి అంత తీరికుందా?"

"కరిగే ఎరువు ఇప్పుడే వేరు పక్కన పెట్టి నీళ్లు కట్టాలి అక్కా."

"పెడితే లేస్తాయా?"

"తెలీదు. కంకి ఎంత రావాలో మొక్క లోపల ఈపాటికే తేలిపోతుంటుంది. ఆలస్యమైపోయిందేమో."

 అక్క పొలం పాక వైపు నడిచింది. అతను ఆ వీపునే చూస్తూ నిలబడ్డాడు. తిరిగొచ్చేటప్పుడు ఆమె భుజాన ఎరువు బస్తా ఉంది.

"ఇదెప్పుడు తెచ్చావు?"

"నీకు ఫోన్ చేసిన రోజే. పక్క చేలో అడిగి తెచ్చాను. నువ్వు చలి అన్నావుగా, అందుకని ఆగాను."

ఆ గొంతులో కోపం లేదు. 

"ఆసామి పొద్దున్నే వచ్చి వెళ్లాడు" అందామె బస్తా మూతి విప్పుతూ.

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. గట్టు మీద నిలబడి చూసి పోయాడు. ఊఁ, చెయ్యి పట్టు. ఆ వరస నీది."

ఈసారి ఆమె అతన్ని పక్కకు జరపలేదు. అతను వంగాడు. ప్రతి మొక్క పక్కనా వేలితో గుంట, గుంటలో పిడికెడు కంటే తక్కువ ఎరువు, పైన మట్టి. జేబులో వేసుకొచ్చిన రంగు రాని గాజు గొట్టం పక్కటెముకకు గుచ్చుకుంటోంది. ఒక మొక్క నడుమ కొత్త ఆకు చుట్టుకుని ఉంది, ఇంకా విచ్చుకోలేదు. లోపల ఏ రంగుందో తెలిస్తే చాలు అనిపించింది. రెండు వేళ్లతో చుట్టను విప్పబోయాడు.

అక్క అతని చేతి మీద ఒక్కటి వేసింది.

"ముట్టుకోకు. చంపుతావు దాన్ని."

అతను చెయ్యి వెనక్కి తీసుకుని, పక్క మొక్క దగ్గరకు జరిగాడు. దాని నడుమ కూడా ఒక చుట్ట ఉంది. వరస చివరిదాకా అన్నీ అలాగే మూసుకుని ఉన్నాయి.