మార్తమ్మ బండి వేలం

మార్తమ్మ పొద్దున్నే లేచి మొదట చేసే పని కాలవ చూడటం. గన్నవరానికి దిగువన ఏలూరు కాలవ గట్టు మీద ఆమె ఇల్లు. నీళ్ళు ఏ మాత్రం పారుతున్నాయి, రత్తయ్య బల్లకట్టు ఈ ఒడ్డున ఉందా ఆ ఒడ్డున ఉందా, దాని తాడు గట్టిగా ఉందా అని చూసుకున్నాకే పొయ్యి వెలిగించేది. ఆమె గవర్నమెంటు నర్సు. పురుళ్ళు పోయడం ఆమె పని. ఈ ఒడ్డున ఉన్న ఊళ్ళకి నడిచి వెళ్ళేది. ఆ ఒడ్డున నేతపేట ఉంది, అక్కడికి వెళ్ళాలంటే రత్తయ్యే దిక్కు. కడుపులో బిడ్డ రత్తయ్య వీలు చూసుకుని పుట్టదు కదా. కాలవకి నీళ్ళు ఎక్కువ వదిలితే బల్లకట్టు కట్టేస్తారు. వంతెన మీదుగా పోదామంటే హనుమాన్ జంక్షన్ వైపు చుట్టు తిరిగి రావాలి, ఈలోపు పుట్టేవాడు పుట్టి నడక కూడా నేర్చేస్తాడు.

పెట్రోలు ధర మండిపోయిన ఏడు అది. శ్రావణమాసంలో ఒక పట్టపగలు నేతపేటలో రాఘవమ్మకి నొప్పులొచ్చాయి. కాలవ అంచులు తాకుతూ పారుతోంది. బల్లకట్టు కట్టేసి ఉంది. మార్తమ్మ ఈ గట్టు మీద నిలబడింది. పేట ఆడవాళ్ళు ఆ గట్టు మీద నిలబడి, ఇంట్లో ఏం జరుగుతోందో కేకేసి చెప్పారు. ఏం చెయ్యాలో ఈమె కేకేసి చెప్పింది. గొంతు పోయేదాకా చెప్పింది. మధ్యాహ్నం దాటాక అవతలివాళ్ళు అడగడం మానేశారు. ఎందుకు మానేశారో ఆమెకి అర్థమైంది. గట్టు మీదే కూలబడి, చేతిలో ఉన్న సంచీని నేలకేసి కొట్టింది.

మర్నాడు గొడ్లచావడిలోకి వెళ్ళి మొగుడి మోటార్‌సైకిలు బయటికి లాగింది.

ఆమె మొగుడు అబ్రహాము ఉపదేశిగా ఉండేవాడు, ఊరూరా తిరిగి ప్రార్థనలు పెట్టేవాడు. యుద్ధం అయిపోయాక మిలట్రీవాళ్ళు అమ్మేసిన బి.ఎస్.ఏ. బండి అది. దానికి నేలైనా నీళ్ళైనా ఒకటే. అబ్రహాము గట్టు దిగి, కాలవ మీదుగా నేతపేటకి పోయి, ప్రార్థన చేయించి తిరిగొచ్చేవాడు. రేవులో బట్టలుతికేవాళ్ళు "ఉతికినవాటి మీద చిందించకు అయ్యగారూ" అనేవాళ్ళు. అంతకుమించి దాని గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు. అబ్రహాము విషజ్వరంతో పోయాక బండి చావడిలో పడింది. కోళ్ళు దాని కింద గుడ్లు పెట్టుకునేవి.

దాని వెనక ఒక చిక్కుంది, అది ఇప్పుడే చెప్పేస్తాను. వాళ్ళ క్రైస్తవ సంఘంలో ఏటా కోతపండగకి తలా ఒకటి గుడికి తెస్తారు. కొత్త ధాన్యం, సొరకాయ, కోడిపుంజు, ఎవరికి కలిగింది వాళ్ళు. ఆరాధన అయ్యాక అవన్నీ వేలం పాడతారు. కొడుకు పోయిన ఏడు సంపూర్ణమ్మ, అంటే మార్తమ్మ అత్తగారు, దుఃఖం పట్టలేక గుళ్ళో లేచి నిలబడి "నా బిడ్డ బండి దేవుడికిచ్చేశా" అంది. చచ్చినవాడి బండిని పాడటానికి ఎవరికీ నోరు రాలేదు. పాట పడని వస్తువు మళ్ళీ పాట జరిగేదాకా ఇచ్చినవాళ్ళ ఇంట్లోనే ఉంటుంది, కానీ అది దేవుడిదే. బండి కదలకుండా పడి ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి ఒక్కరికీ గుర్తురాలేదు.

నాలుగు రోజులాగి మార్తమ్మ దాన్ని ఎడ్లబండికెక్కించి పటమటలో చౌడయ్య షెడ్డుకి తోలుకెళ్ళింది. చౌడయ్య నేతపేటవాడే. గుంటమగ్గంలో కూర్చుని నడుం పట్టేసి, అది వదిలేసి మెకానిక్కయ్యాడు. రాఘవమ్మ అతని సొంత చెల్లెలు. ఆ పిల్ల పోయినప్పట్నుంచీ షెడ్డు తలుపు తియ్యలేదు. ఎడ్లబండి వచ్చి ఆగాక తీశాడు.

బండి చుట్టూ తిరిగి, కిక్కు మీద కాలేసి తొక్కాడు. అది కదల్లేదు.

"పిస్టన్ పట్టేసిందండీ. కిరసనాయిల్లో నానబెట్టాలి. మళ్ళీ ఎప్పట్లా చేసిస్తాలెండి."

"ఎప్పట్లా నాకొద్దు. ఆయన వారానికోసారి ప్రార్థనకి వెళ్ళేవాడు. నేను రోజూ తిరగాలి. వాన పడినా, పొద్దున్నే అయినా, తన్నగానే స్టార్టు కావాలి. ఆ కిక్కు నా కాలికి లొంగాలి. గట్టు గోతుల్లో నా నడుం విరక్కూడదు."

"అంటే ముక్కలు మార్చాలండి."

"మార్చు."

చౌడయ్య బుర్ర గోక్కున్నాడు. "మార్చొచ్చు. కానీ నీళ్ళ మీద నడిచే గుణం ఏ ముక్కలో ఉందో తెలీదు కదండీ. తెలీక ఆ ముక్కే పారేశాననుకోండి, అప్పుడేం చేస్తాం?"

అతని భయం అతనిది. తీసిన ప్రతి పాత ముక్కనీ ఒక గోనెసంచిలో దాచాడు. ముందు పిస్టన్ మార్చాడు. చక్రాల ఊచలు తుప్పు పట్టిపోతే అన్నీ ఊడదీసి, చక్రం ఒళ్ళో పెట్టుకుని కొత్తవి బిగించాడు. పడుగు పోగులు చూసినట్టు ఒక్కో ఊచనీ వేలితో మీటి, బిగువు తక్కువైన చోట తిప్పుకుంటూ పోయాడు. వెనక చక్రానికి స్ప్రింగులనేవే లేని బండి అది. సీటు కింద లావుపాటి స్ప్రింగులు పెట్టాడు. కిక్కు కడ్డీ పొడుగు పెంచాడు. కార్బురేటరు, బ్రేకులు, లైటు, అన్నీ ఇప్పటి బండ్లవి వేశాడు. చీర చక్రంలో పడకుండా, మగ్గంలో పోగుల్ని విడదీసే పన్నె ఒకటి తెచ్చి పక్కన బిగించాడు. వెనకాల పురుటి సంచీ పట్టేంత పెట్టె పెట్టాడు. పైకి మాత్రం అదే ఆకుపచ్చ రంగు, అదే టాంకీ. చూసినవాళ్ళు అబ్రహాము బండే అనుకోవాలి.

ఒక ముక్క మార్చడం, షెడ్డుకి దగ్గర్లో ఉన్న బందరు కాలవకి తీసుకుపోయి చూడటం. నడిపేది మార్తమ్మే. ఆ వంకన ఆమెకి డ్రైవింగు కూడా వచ్చింది. పిస్టన్ మార్చాక కాలవ దాటింది. చక్రాలు మార్చాక దాటింది. కార్బురేటరు మార్చాక కాస్త దగ్గుతూ దాటింది. చివరికి పాత సామాను బండిలో కన్నా గోనెసంచిలోనే ఎక్కువైంది. అప్పుడూ దాటింది.

"మరి ఎందులో ఉందంటారు మార్తమ్మగారూ ఇది?" అన్నాడు చౌడయ్య. పాపం రెండ్రోజులుగా అతనికి అన్నం సయించట్లేదు.

"ఎందులో ఉంటే మనకెందుకయ్యా? రేప్పొద్దున తన్నగానే స్టార్టవుతుందా లేదా, అది చెప్పు."

"అవుద్దండీ."

అయింది. మార్తమ్మ చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, బండి మీద కాళ్ళు చెరో వైపు వేసి పటమట నుంచి ఊరికి వచ్చేసరికి గట్టు పొడుగునా జనం నిలబడ్డారు. ఆమె గట్టు దిగి కాలవ మీదుగా నేతపేటకి పోయి వచ్చింది. నీళ్ళ మీద బండి నడిచిందని ఒక్కరన్లేదు. ఆడమనిషి అలా కూర్చుందేమిటని మాత్రం ఊరంతా అన్నారు. ఊరికేం, దేన్ని చూడాలో దాన్ని ఎప్పుడు చూసింది గనక.

సాయంత్రం సంఘపెద్ద కృపానందం వచ్చాడు. ఎలిమెంటరీ స్కూల్లో హెడ్మాస్టరు చేసి రిటైరైన మనిషి. చెడ్డవాడు కాదు, రూలు మనిషి.

"మార్తమ్మా, చెప్తే బాధపడతావేమో. ఆడది కాళ్ళు అటొకటి ఇటొకటి వేసి కూర్చోవడం మర్యాదగా లేదమ్మా."

"పెద్దయ్యగారూ, మీరూ నేనూ ఈ లోకంలోకి వచ్చిన రోజున మన తల్లుల కాళ్ళు ఎలా ఉన్నాయో నాకు తెలుసు. రోజూ చూస్తాను. అక్కడ ఎవరూ మర్యాద మాట ఎత్తరండి."

కృపానందం కళ్ళజోడు సర్దుకుని, మంచినీళ్ళడిగి తాగి వెళ్ళిపోయాడు.

ఆశ్వయుజం, కార్తీకం గడిచాయి. బల్లకట్టు కట్టేసిన రోజుల్లో కూడా నేతపేటలో పురుళ్ళు క్షేమంగా జరిగాయి. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, ఆ ఏడుపు వింటూ మార్తమ్మ చేతులు కడుక్కుని బండెక్కేది. అప్పుడు ఆమె మొహం చూడాలి.

సరిగ్గా కోతపండగ ముందు జాన్‌బాబు దిగాడు. అబ్రహాముకి పిన్ని కొడుకు, హనుమాన్ జంక్షన్‌లో లారీలున్నవాడు. బండి చుట్టూ తిరిగి చూశాడు. అవతలి ఒడ్డున అతనికి కొత్తగా కొన్న చెరుకుతోట ఉంది.

"పెద్దమ్మ దీన్ని దేవుడికిచ్చింది కదా. పాట జరగందే వదినదెలా అవుతుంది?" అన్నాడు.

ఆ ఒక్క మాటతో అందరికీ జ్ఞాపకం వచ్చేసింది. కృపానందం రూలు చెప్పాడు. ఇచ్చిన మాట ఇచ్చిందే, వేలం జరగాలి.

"దీన్ని బాగు చేయించింది నేనండీ" అంది మార్తమ్మ.

"దేవుడి వస్తువు బాగు చేయించావు. దేవుడు నిన్ను దీవిస్తాడు" అన్నాడు కృపానందం.

"నువ్వేం దిగులుపడకు వదినా. అవతల పనిపడితే కబురు పెట్టు, నేనొచ్చి వెనకాల కూర్చోబెట్టుకుని దింపుతా" అన్నాడు జాన్‌బాబు.

"అలాగే బాబూ. మా మరిది లారీలో లోడు దించి వస్తాడు, అందాకా బిగబట్టుకోమని నొప్పులావిడకి చెప్తాలే."

సంపూర్ణమ్మ రెండు పూటలు అన్నం తినలేదు. "నా నోరు పడిపోను, ఆ రోజు ఎందుకన్నానే" అని కోడలి ముందు ఏడ్చింది. "ఏడవకండి అత్తయ్యా. మీరిచ్చింది దేవుడికే. పాడేవాళ్ళ సంగతి తర్వాత చూద్దాం" అంది మార్తమ్మ. అన్నదే గానీ, లారీలున్నవాడితో పాటలో నిలబడలేనని ఆమెకి తెలుసు. బండి పోతే మళ్ళీ గట్టు మీద నిలబడి కేకలెయ్యడమేనని కూడా తెలుసు. దానికి మాత్రం ఒప్పుకోనని మనసులో గట్టిగా అనుకుంది.

పండగరోజు బండిని తనే కడిగి తనే నడుపుకుంటూ తెచ్చింది. దాచిపెట్టిందన్న మాట ఆమె పడదు. కాలవొడ్డున గుడి, దాని ముందు తాటాకు పందిరి. వరికంకులకీ కోళ్ళ గంపలకీ మధ్య బండిని నిలబెట్టారు. చౌడయ్య వచ్చి ఒక పక్కన గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. ఆ వేళ కాలవ మళ్ళీ నిండుగా ఉంది. పొద్దున్నే పై నుంచి నీళ్ళు వదిలారు, బల్లకట్టు కట్టేశారు.

పాట మొదలైంది. మార్తమ్మ తనకున్నదంతా పాడింది. చెవుల కమ్మలు కూడా కలిపి పాడింది. జాన్‌బాబు నవ్వుతూ ఆ పైన పాడాడు.

"ఒకటోసారి" అన్నాడు కృపానందం. ఇంకెవరూ నోరెత్తలేదు.

"రెండోసారి."

రెండోసారికీ మూడోసారికీ మధ్య కాసేపు ఆగడం ఆ సంఘం ఆనవాయితీ. మనసు మారేవాళ్ళకి మారే వ్యవధి ఇవ్వాలని పెద్దలు పెట్టింది. అందరూ తలలు వంచుకున్నారు. అప్పుడు అవతలి గట్టు నుంచి కేక వినిపించింది.

"నర్సమ్మగారో, రామతులసికి నొప్పులు. ఎదురుకాళ్ళు. ఏం చెయ్యమంటారు?"

చౌడయ్య గుంజని రెండు చేతులా పట్టుకున్నాడు. రత్తయ్య లేచి నీళ్ళవైపు చూసి, "తాడు ఆగదమ్మా" అన్నాడు.

ఏం చెయ్యాలో మార్తమ్మ ఈసారి కేకేసి చెప్పలేదు. లేచి బండి దగ్గరికి నడిచింది.

"మార్తమ్మా, పాటలో ఉన్న వస్తువు ముట్టుకోకూడదు" అన్నాడు కృపానందం.

"అయితే మూడోసారి అనెయ్యండి. జాన్‌బాబూ, రా, ఎక్కు. పోయి ఆ ఎదురుకాళ్ళ బిడ్డని క్షేమంగా బయటికి తీసి, తల్లిని బతికించి రా. నువ్వు ఎక్కితే నేను ముట్టుకోను. ఎక్కవా? ఎక్కకపోతే పక్కకి జరుగు."

జాన్‌బాబు నీళ్ళవైపు చూశాడు. అంత వడి మీద బండి తోలడం అతని వల్ల కాదు. తోలినా, అక్కడికెళ్ళి చేసేదేమీ లేదు. పక్కకి జరిగాడు.

సంపూర్ణమ్మ చాప మీద నుంచి మోకాళ్ళు పట్టుకుని లేచింది. "నేను దేవుడికిచ్చానురా జాన్‌బాబూ, నీకివ్వలేదు" అంది. అని కోడలి సంచీ తీసి పెట్టెలో పెట్టింది.

ఒక్క తన్ను. బండి స్టార్టయింది. కోళ్ళు గంపల్లో గోల చేశాయి. మార్తమ్మ గట్టు దిగింది, కాలవ మీదికెక్కింది. వడికి బండి కాస్త కిందికి జారుతూ పోతుంటే, హేండిలు ఎగువకి తిప్పి పట్టి, అవతలి ఒడ్డు ఎక్కింది. కృపానందం చెయ్యి ఇంకా పైకే ఉంది. మూడోసారి అనడానికి ఎత్తిన చెయ్యి అది. దాన్నెలా దించాలో ఆయనకి తెలీలేదు. కాసేపటికి ఆ చేత్తోనే పుంజుని చూపించి, "దాన్ని తీసుకురండి, దాని పాట చూద్దాం" అన్నాడు.

పొద్దు వాలుతుండగా మార్తమ్మ తిరిగొచ్చింది. చీర మోకాళ్ళదాకా తడిసి ఉంది. పందిట్లో సామానంతా అమ్ముడుపోయింది, మనుషులు మాత్రం కదల్లేదు.

"ఆడపిల్ల. తల్లి బాగుంది" అంది చౌడయ్యతో. చౌడయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని పందిరి వెనక్కి వెళ్ళిపోయాడు.

మార్తమ్మ ఇంజను ఆపలేదు. "పెద్దయ్యగారూ, బండి ఎవరికి పడిందండి?"

"ఇంకా రెండోసారి దగ్గరే ఉందమ్మా" అన్నాడు కృపానందం.

"పెద్దయ్యగారూ, మరి నా పాట?" అన్నాడు జాన్‌బాబు.

"నీ పాట నీకుంది బాబూ, దాన్నెవరూ తీసెయ్యలేదు. వస్తువు ఎదురుగా లేకుండా మూడోసారి అనకూడదు. రూలు."

"ఇప్పుడు ఎదురుగానే ఉంది కదండీ" అంది మార్తమ్మ.

కృపానందం బండివైపు చూశాడు. కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకోకుండా జేబులో వేసుకున్నాడు.

"నాకు కనిపించట్లేదమ్మా. చత్వారం."

మార్తమ్మ బండి కాలవ వైపు తిప్పింది. బాలింతని ఇంకోసారి చూడాలి.

"సరేనండి. కనిపించినప్పుడు ఒక కేకెయ్యండి. నేను అవతలి ఒడ్డున ఉంటాను."