ఉత్తుత్తి థర్మోస్టాట్

గాలి మేస్త్రీకి తన పనంటే గీర జాస్తి. గోడలు కట్టేవాడు మేస్త్రీ అయినప్పుడు, మేడల మీద చల్లగాలి, వేడిగాలి యంత్రాలు కూర్చోబెట్టేవాడు గాలి మేస్త్రీ ఎందుకు కాకూడదని ఎవరో వేళాకోళానికి అన్నారు. ఆ పేరు అంటుకుపోయింది. కోపం వస్తే అతని భార్య కూడా అదే పేరుతో పిలుస్తుంది. అతను మాత్రం అదేదో బిరుదన్నట్టు తిరుగుతాడు.

ఆ కుట్టు కంపెనీ పని అతనికి ఇప్పించింది అక్క. ఆసుపత్రి వాళ్ళకు యూనిఫాంలు కుట్టే కంపెనీ అది. అక్క అక్కడ కటింగ్ టేబుల్‌కి పెద్ద. చలికాలం ముంచుకొస్తోంది, పాత హీటర్లు చూస్తే మూలపడ్డాయి అని యజమాని తల పట్టుకుంటే, "మా తమ్ముడున్నాడు కదండీ" అంది. అంతటితో ఊరుకుందా? "వాడు చెయ్యి పెడితే మళ్ళీ చూసుకోనక్కర్లేదు" అని కూడా అంది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. తమ్ముడి గురించి రోజుకో మంచి మాట చెప్పకపోతే ఆవిడకు తిన్నది అరగదు.

ఉన్నమాట చెప్పుకోవాలి, యూనిట్ కూర్చోబెట్టడంలో అతనికి వంక పెట్టలేం. చలికాలానికి వేడి, ఎండాకాలానికి చల్లదనం రెండూ ఒకే పెట్టెలో ఇమిడ్చిన యంత్రం అది, చిన్న కారంత ఉంటుంది. పైకప్పుకు కంత కోసి, ఇనుప చట్రం బిగించి, రసమట్టంతో అన్ని వైపులా చూసుకుని, చట్రం చుట్టూ రబ్బరు పట్టీ అతికించాక గానీ క్రేన్ వాణ్ణి దించనివ్వలేదు. క్రేన్ వాడు విసుక్కుంటే, "నీ దారిన నువ్వు పోతావు, వాన కారితే తిట్లు తినేది నేను" అన్నాడు. ఫ్యాను బెల్టు బిగువు వేలితో నొక్కి చూశాడు. నీళ్ళు పోయే గొట్టంలో చెంబెడు నీళ్ళు పోసి చూశాడు. మంట రంగు చూసి గ్యాసు సర్దాడు. అంతవరకూ పని అద్దంలా ఉంది.

పప్పులో కాలేసింది ఆ తరవాతే. హాలు సీలింగు పైన రేకు గొట్టం ఒకటి పొడుగునా పోతుంది. దాన్నుంచి చిన్న గొట్టాలు చీలి ఒక్కో మూలకీ గాలి తీసుకెళతాయి. ప్రతి చిన్న గొట్టంలోనూ గాలిని ఆపే రేకు తలుపొకటి, దాన్ని తిప్పడానికి బయట ఒక పిడి ఉంటాయి. డాంపర్ అంటారు దాన్ని. గాలి అన్ని చోట్లా సమంగా పడుతోందో లేదో తేల్చుకోవాలంటే ఒకదాన్ని మూసి, మిగతావి కొలిచి, మళ్ళీ తెరవాలి. మేస్త్రీ చిట్టచివరి మూలకు పోయేదాన్ని మూశాడు. మిగతావి కొలిచాడు. ఇంతలో క్రేన్ వాడు నేను పోతున్నానని కేకేస్తే నిచ్చెన దిగి వెళ్ళాడు. తిరిగొచ్చి, సీలింగు పలకలన్నీ సర్దేసి, చేతులు దులుపుకున్నాడు. ఆ పిడి మూసింది మూసినట్టే ఉండిపోయింది.

ఆ మూలన కూర్చునేది బొత్తాలమ్మ. చొక్కాలకు, కోట్లకు చేత్తో బొత్తాలు కుట్టే పెద్దావిడ. మొగుడు మంచం పట్టాడు, ఇంట్లో సంపాదించే చెయ్యి ఆవిడదొక్కటే.

చలి మొదలైంది, ఫోన్లూ మొదలయ్యాయి. ఇస్త్రీ బల్లల వాళ్ళు ఉడికిపోతున్నామన్నారు, బొత్తాలమ్మ కొయ్యబారిపోతున్నానంది. మేస్త్రీ పిలిచినప్పుడల్లా వచ్చాడు. వచ్చి ఏం చేశాడయ్యా అంటే, బయటి నిచ్చెన మీంచి సూటిగా మేడెక్కడం, యూనిట్‌లోంచి వచ్చే గాలి ఎంత వేడిగా ఉందో కొలవడం, తృప్తిగా తలాడించడం, దిగి వెళ్ళిపోవడం. యూనిట్ బాగుంటే అంతా బాగున్నట్టే, ఆ పైన ఎవరైనా చలి అన్నారంటే అది మనిషి జబ్బే గాని యంత్రం జబ్బు కాదని అతని సిద్ధాంతం. ఒకే హాల్లో ఒకరికి ఉక్క, ఇంకొకరికి వణుకు అనేసరికి ఆ సిద్ధాంతం మరీ గట్టిపడింది. ఆ మూలకెళ్ళి ఒక్కసారి చెయ్యి పైకెత్తి చూస్తే అతని సొమ్మేం పోయేది?

మనుషుల జబ్బుకు ఈ గాలి యంత్రాల పనివాళ్ళ దగ్గర ఒక మందుంది. గోడకు వేడి ఎంతుండాలో తిప్పి పెట్టుకునే థర్మోస్టాట్ పెట్టె ఇంకోటి తగిలిస్తారు. ముందువైపు తిప్పుకునే మీట, అంకెలు, అంతా జోరుగా ఉంటుంది. వెనకవైపు తీగ ఉండదు. ఉత్తుత్తి పెట్టె. అసలుది ఎక్కడో లోపలి నడవలో తాళం వేసిన గూట్లో తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. మీట తిప్పినవాళ్ళకు నిజంగానే వెచ్చబడినట్టు, చల్లబడినట్టు అనిపిస్తుంది. గొడవ సద్దుమణుగుతుంది.

మేస్త్రీ అలాంటిదొకటి తెచ్చి కటింగ్ టేబుల్ పక్క గోడకు బిగించాడు.

"అక్కా, ఇది నీ చేతిలో ఉండాలి. అందరూ తిప్పితే పాడవుతుంది."

"అంత నాజూకుదా?"

"మరి? కొంచెం కొంచెంగా తిప్పాలి. తిప్పాక కాసేపు ఆగితే గాని తేడా తెలీదు."

తనను ఎత్తుకుని తిప్పిన మనిషి మొహంలోకి చూస్తూ రెప్ప వాల్చకుండా చెప్పాడా మాట. ఆ రోజు నుంచి ఫోన్లు ఆగిపోయాయి. సాయంత్రం టీ బల్ల దగ్గర ఈ సంగతి తోటివాళ్ళకు చెప్పి, అక్క మునివేళ్ళతో మీట తిప్పడం అభినయించి మరీ చూపించాడు. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది అతనే.

చలికాలం నడిమధ్యన ఫిల్టర్లు మార్చడానికి మళ్ళీ వెళ్ళాడు. బయటి నిచ్చెన తడిసి జారుతోందని ఈసారి హాల్లోంచి వెళ్ళాల్సొచ్చింది. లోపలికి అడుగుపెట్టేసరికి అక్క ఎదురొచ్చింది.

"రారా, నీ పెట్టెను ఎలా చూసుకుంటున్నానో చూడు."

పెట్టెకు నీలం గుడ్డతో తొడుగు కుట్టింది. అంకెలు కనపడేచోట గుండ్రంగా కత్తిరించి అంచు కూడా మడిచి కుట్టింది. మేస్త్రీ ఏదో అనబోయేంతలో ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి ఒకాయన గొంతెత్తాడు.

"వదినా, నీకు పుణ్యముంటుంది, కాస్త తగ్గించవూ."

అక్క కత్తెర పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, మీటను వెంట్రుకవాసి తిప్పింది. కాసేపాగి, "ఇప్పుడెలా ఉంది?" అంది.

"ప్రాణం లేచొచ్చింది" అన్నాడాయన.

"చూశావా, నేను లేకపోతే వీళ్ళకు ఒక్క పూట గడవదు" అంది అక్క. ఆ మొహంలో వెలుగు చూడలేక మేస్త్రీ చూపు పక్కకు తిప్పుకున్నాడు. టీ బల్ల దగ్గరి నవ్వు చెవుల్లో మోగింది. తొలిసారి కొంచెం సిగ్గేసింది. కొంచెమే.

పక్కకు తిప్పిన చూపు చివరి మూలన ఆగింది. బొత్తాలమ్మ కోటు మీద కోటు తొడుక్కుని, సూదులు, దారం ఉండలు ఒక రేకు డబ్బాలో సర్దుకుంటోంది.

"ఆవిడేంటి, అప్పుడే సర్దేస్తోంది?"

అక్క గొంతు తగ్గించింది. "ఇవాళ్టితో మానేస్తోందిరా. వేళ్ళు వంగట్లేదు. ఆవిడ కుట్టిన బొత్తాలు ఉతికితే ఊడొస్తున్నాయని ఆసుపత్రి వాళ్ళు తిప్పి పంపారు. అడిగితే చలి అంటుంది. ఆవిడ కోసం మీట చివరిదాకా తిప్పి పెట్టాను, అయినా చలే అంటుంది. వయసైపోయింది, ఒప్పుకోదు. ఇక లాభం లేదు, మాన్పించమని నేనే అయ్యగారితో చెప్పాను."

"నువ్వు చెప్పావా?"

"మరెవరు చెప్తారు? పెట్టె నా చేతిలో ఉందాయె. చలి లేదని నాకు తెలుసు కదా."

మేస్త్రీ మూల దాకా నడిచి, బొత్తాలమ్మ నెత్తి మీద గాలి దిగే జాలీ కింద చెయ్యి పెట్టాడు. గాలి లేదు. గోరువెచ్చగానైనా లేదు, అసలు లేదు. నిచ్చెన తెచ్చి, సీలింగు పలక జరిపి, తల లోపల పెట్టి చూశాడు. పిడి అడ్డంగా ఉంది. ఎవరు మూశారు, ఎప్పుడు మూశారు అని ఆలోచించే అవసరమే లేకపోయింది. తన వేలిముద్రలు దుమ్ములో ఇంకా కనపడుతున్నట్టే అనిపించింది.

పిడి తిప్పాడు. కాస్త దుమ్ము రాలింది, వెనకాలే వెచ్చటి గాలి దిగింది. బొత్తాలమ్మ తలెత్తింది. డబ్బా ఒళ్ళోనే వదిలేసి రెండు అరచేతులూ పైకి చాపి, కళ్ళు మూసుకుని కూర్చుంది. తరవాత అక్కను పిలిచింది.

"అమ్మాయ్, ఊరికే నీ మీద రుసరుసలాడాను. మనసులో తిట్టుకున్నాను కూడా. చివరి రోజని గాబోలు ఇంత వెచ్చగా పెట్టావు. ఏమనుకోకే."

"నేనిప్పుడేం తిప్పలేదే" అని అక్క నిచ్చెన వైపు చూసింది. "ఏమైందిరా?"

మేస్త్రీ నిచ్చెన దిగాడు. చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. హాల్లో అందరూ కుట్టు ఆపి అతన్నే చూస్తున్నారు. తమ్ముడు చెయ్యి పెడితే ఇక చూసుకోనక్కర్లేదని వీళ్ళందరి ముందూ అక్క చెప్పుకున్న మనిషి అతను. ఆ గీర, ఆ పాడు గీర, అతని నోటిని వేరే దారి పట్టించింది.

"ఏం లేదక్కా. మీట ఎవరో గట్టిగా తిప్పినట్టున్నారు. ఈ మూలకు గాలి ఆగిపోయింది. ఇప్పుడు సరిచేశాను."

అక్క మొహం పాలిపోయింది.

"ఎవరో ఏంటిరా, నేను తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోరు" అంది. "ఈవిడ చలి అన్నప్పుడల్లా చివరిదాకా తిప్పేదాన్ని. అయితే నా చేత్తోనే ఆపేశానన్నమాట. ఆపేసి, పైగా వయసైపోయిందని నోరు పారేసుకున్నాను." బొత్తాలమ్మ చెయ్యి పట్టుకుని లేవదీసింది. "పద పెద్దమ్మా, అయ్యగారితో చెప్తాను. తప్పు నాదని చెప్తాను."

ఇద్దరూ యజమాని గదిలోకి వెళ్ళారు. తలుపు వెయ్యలేదు. అక్క గొంతు బయటికి వినపడుతూనే ఉంది. చదువు లేనిదాన్నండి, యంత్రం సంగతి తెలీక తిప్పేశానండి, ఆవిడను తీసెయ్యొద్దండి, కావాలంటే నన్ను ఆ టేబుల్ నుంచి మార్చండి అంటోంది.

మేస్త్రీ నిచ్చెన కింద నిలబడ్డాడు. అక్కడే సిగ్గుతో చచ్చిపోయుంటే బావుండుననిపించింది. అక్క బిడ్డలా పెంచింది, పని ఇప్పించింది, ఇప్పుడు అతని తప్పు కూడా నెత్తిన వేసుకుని చేతులు కట్టుకుని నిలబడింది. దానికి తోడు చదువు లేనిదాన్నని తనను తాను తిట్టుకుంటోంది. జీవితంలో ఎవరి ముందూ ఆ మాట అనని మనిషి. ఇంకో మాట వినడం అతని వల్ల కాలేదు. స్క్రూడ్రైవర్ తీసి, అందరూ చూస్తుండగానే గోడ మీది పెట్టెను ఊడదీశాడు. వెనక గోడ బోసిగా ఉంది. రెండు స్క్రూ కన్నాలు తప్ప ఏమీ లేవు. ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే ఆపేశారు.

పెట్టెను తీసుకెళ్ళి యజమాని బల్ల మీద బోర్లా పెట్టాడు.

"మా అక్క తప్పేం లేదండి. దీనికి తీగ లేదు. ఎంత తిప్పినా ఏమీ కాదు. ఊరికే నోళ్ళు మూయించడానికి పెట్టాను. ఆ మూలకు గాలి ఆపింది నేను. యంత్రం పెట్టిన రోజే మూసి, తెరవడం మరిచిపోయాను. ఇందాక మా అక్కతో చెప్పింది కూడా అబద్ధమే."

యజమాని పెట్టెను తిరగేసి, లోపలికి తొంగి చూసి, పగలబడి నవ్వాడు.

"భలేవాడివయ్యా మేస్త్రీ. ఇంత చవగ్గా మా వాళ్ళందరి నోళ్ళూ కట్టేశావా? బొత్తాలమ్మను ఉండమనండి, ఆ మూల వెచ్చబడింది కదా, సరిపోయింది. ఇది మాత్రం మళ్ళీ బిగించెయ్యి. బాగా పనిచేస్తోంది."

ఆ మెప్పు చెంపదెబ్బలా తగిలింది. ఎప్పుడూ మెప్పు కోసం మొహం వాచే మనిషి, తలెత్తలేకపోయాడు. బొత్తాలమ్మ ఏం అర్థమైందో ఏమో, కళ్ళొత్తుకుంటూ మొక్కుతోంది. యజమానికి మొక్కింది, అక్కకు మొక్కింది, చివరికి అతనికి కూడా మొక్కింది. అతనికి మొక్కినప్పుడు రెండడుగులు వెనక్కి వేశాడు.

అక్క నవ్వలేదు, ఏడవలేదు. పెట్టెను చేతిలోకి తీసుకుని ఖాళీగా ఉన్న వెనకవైపు వేలు పెట్టి తడిమింది. తను కుట్టిన తొడుగు విప్పి, మడతపెట్టి, పెట్టెను బల్ల మీద వదిలేసింది.

"అక్కా" అన్నాడతను. "అక్కా, నన్ను..."

"మేస్త్రీ గారూ," అంది ఆవిడ, "మీ పని అయిపోతే మీరు బయల్దేరండి. మాకు కటింగ్ ఉంది."

ఇంకెవరన్నా అంటే మామూలు మర్యాద అది. పుట్టి బుద్ధెరిగాక అక్క నోట ఒరే తప్ప వేరే మాట వినలేదతను. ఆవిడ బొత్తాలమ్మను నడిపించుకుంటూ హాల్లోకి వెళ్ళి, మూలన కూర్చోబెట్టి, డబ్బాలోంచి సూది తీసి తనే దారం ఎక్కించి ఇచ్చింది. అతను గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. ఆవిడ ఇటు తిరగలేదు.