అత్తగారి బండి

లారీ మిల్లు గేటు దాటి లోపలికొచ్చింది. ధాన్యం బస్తాల మీద క్లీనరు నూకరాజు శవం ఉంది. గోనెపట్టా కప్పారు గాని కాళ్ళు బయటే ఉన్నాయి. వాటికంటిన కొల్లేటి బురద ఇంకా ఆరలేదు.

లారీల కంట్రాక్టరు భీమశంకరం అరుగు దిగొచ్చి ముందు ఆకాశం చూశాడు, తరవాత బస్తాలు చూశాడు.

"మబ్బు పట్టిందర్రా! ఆ మనిషిని పక్కన పెట్టి ముందు బస్తాలు దించండి. ధాన్యం తడిసిందంటే మొలకలొస్తాయి."

విన్నారా! మనిషి తడిసినా పరవాలేదు, ధాన్యం మాత్రం తడవకూడదు. తాడేపల్లిగూడెం మిల్లులో ఆ మాట హమాలీలు విన్నారు, చేటలు పట్టుకున్న ఆడకూలీలు విన్నారు, మిగతా లారీల డ్రైవర్లూ విన్నారు. స్టీరింగు వదలకుండా బిగుసుకుపోయిన సైఫుల్లా కూడా విన్నాడు. నూకరాజుని దించి గోడ పక్కన పడుకోబెట్టి, బస్తాలు మోశారు.

సైఫుల్లా డ్రైవరై నెల కూడా కాలేదు. ఏలూరులో వాళ్ళది తివాచీలు నేసే ఇల్లు. తండ్రి మగ్గం ముందు ఉన్ని నుసి పీల్చి పీల్చి, దగ్గీ దగ్గీ పోయాడు. "నేనా మగ్గం ముందు కూర్చోనమ్మా" అని తల్లి మరియంబీతో తెగేసి చెప్పి మోటారు పనిలో చేరాడు. ముందు క్లీనరు, ఆ తరవాత లైసెన్సు, ఆ తరవాత కొత్త లారీ, ఆపైన కైకలూరు లైను బస్సు. ఇదీ వాడు గీసుకున్న దారి. బస్సు డ్రైవరంటే ఆ రోజుల్లో సామాన్యమా? ఖాకీ కోటు వేసుకుని హారను కొడితే ఊళ్ళో మునసబు కూడా పరుగెత్తుకు రావాలి! మరియంబీ అప్పుడే పిల్లని కూడా వెతుకుతోంది.

ఆ దారికి అడ్డంగా అత్తగారుంది. అత్తగారంటే మనిషి కాదు, లారీ. భీమశంకరం లారీలన్నింట్లోకీ పాతది. చేతిబ్రేకు ఎప్పుడో ఊడింది. కాలిబ్రేకు దాని బుద్ధి పుడితే పడుతుంది, లేకపోతే లేదు. కొత్తగా లైసెన్సు వచ్చిన ప్రతివాడూ ఏడాదిపాటు దాన్నే నడపాలి. "అత్తగారిని మెప్పించరా, కొత్త లారీ నీకే" అని పాతవాళ్ళు వేళాకోళం చేసేవారు. ఎవడి ఏడాది వాడు బిక్కుబిక్కుమంటూ గడిపి, గండం గడిచిందని దండం పెట్టుకుని, బండిని తరవాతివాడికి అంటగట్టి పోయేవాడు. బ్రేకు వేయించమని ఒక్కడైనా అడిగాడా? లేదు. అడిగితే కొత్త లారీ దక్కదని భయం. కామందుకి కొరడా దేనికండీ? పై మెట్టు ఒకటి చూపిస్తే చాలు, కిందివాళ్ళ నోళ్ళు వాటంతటవే మూతపడతాయి.

అత్తగారికి అసలు బ్రేకు నూకరాజు. ఎత్తు ఎక్కుతూ బండి ఆగితే చటుక్కున దూకి వెనక చక్రం కింద చెక్క పెట్టేవాడు. కొల్లేట్లో చేపలు పట్టుకు బతికే కుటుంబం అతనిది. నలభై దాటినా క్లీనరుగానే ఉండిపోయాడు. లైసెన్సు పరీక్షకి పంపండి బాబూ అని బతిమాలినప్పుడల్లా, "నువ్వు డ్రైవరువైతే చెక్కెవడు పెడతాడ్రా?" అని భీమశంకరం నవ్వేవాడు. సైఫుల్లాకి గేరు మార్చడం నేర్పింది అతనే.

ఆ రోజు అత్తగారి నెత్తిన మోయలేనన్ని బస్తాలెక్కించారు. కాలవ వంతెన ఎక్కుతూ ఎక్కుతూ ఇంజను ఆగిపోయింది. బండి వెనక్కి జారింది. సైఫుల్లా సీటులోంచి లేచి బ్రేకు మీద నిలబడ్డాడు. పడలేదు. నూకరాజు దూకి చెక్క పెట్టాడు. తడి బురదలో చెక్క జారింది, దాంతో పాటు మనిషీ జారాడు. "అన్నా, తప్పుకో!" అని సైఫుల్లా అరిచేసరికే చక్రం అతని మీదుగా పోయి, కట్ట రాయికి కొట్టుకుని ఆగింది.

బస్తాలు దించడం అయ్యాక భీమశంకరం సైఫుల్లాని గదిలోకి పిలిచాడు.

"రేపు పొద్దున సబినస్పెక్టరు గారొస్తారు. నూకరాజు కల్లు తాగి, నడిచే బండెక్కబోయి పడ్డాడని చెప్పు. ఎల్లుండి నుంచి కొత్త లారీ నీదే. బస్సు సంగతి కూడా చూద్దాం. కాదంటావా, బండి నడిపింది నువ్వు, చంపింది నువ్వు. జైలుకి పోతావు. లైసెన్సు పోద్ది. ఇంక జన్మలో స్టీరింగు ముట్టుకోలేవు. ఆలోచించుకో."

సాయంత్రానికి ఆ కల్లు కథ మిల్లంతా పాకింది. షెడ్డులో డ్రైవర్లు, హమాలీలు పోగయ్యారు. అందరిలోకీ పెద్దవాడు డ్రైవరు ఎలీయాజరు. సైఫుల్లా భుజం మీద చెయ్యేసి, "చెప్పెయ్యరా అబ్బాయ్. పోయినోడు ఎలాగూ తిరిగి రాడు. నీ బతుకు నువ్వు చూసుకో" అన్నాడు.

గుమ్మంలో నూకరాజు భార్య రత్నం నిలబడి ఉంది. కబురందుకుని కొల్లేటి నుంచి వచ్చిన మనిషి. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"ఏవండీ, మా ఆయన తాగేడంటగా? కల్లు ముంత ముట్టడని మీ అందరికీ తెలుసు కదండీ. బండి చంపిందంటే ఏడిచి ఊరుకుంటానండీ. తాగి చచ్చేడంటే నా పిల్లలు ఊళ్ళో తలెత్తుకుంటారా? ఒకసారి చచ్చిన మనిషిని మళ్ళీ చంపుతారేంటండీ?"

ఎవరూ ఆమె మొహం చూడలేకపోయారు.

"మేమూ నడిపాం దాన్ని. మాకేం కాలేదు" అని ఎలీయాజరు గొణిగాడు.

సైఫుల్లాకి ఒళ్ళు మండిపోయింది. "మీకేం కాలేదు కాబట్టే బాబాయ్, నూకరాజన్నకైంది! మనలో ఒక్కడు బ్రేకు లేదని బండి దిగుంటే ఆయన బతికేవాడు. నేను మాత్రం? కొత్త లారీ వస్తదని నోరు మూసుకు కూర్చోలా?"

"దిగితే వేరేవాణ్ణి ఎక్కిస్తాడు!"

"ఒక్కడు దిగితే ఎక్కిస్తాడు. అందరం దిగితే ఎవణ్ణెక్కిస్తాడు?"

అరుచుకున్నారు, తిట్టుకున్నారు. "పెళ్ళాం బిడ్డలకి మన్ను పెడతామా?" అని ఒకడు లేచి వెళ్ళిపోబోయాడు. "రేపు నీ పెళ్ళాం ఇక్కడ నిలబడుద్దిరా!" అని హమాలీ మేస్త్రీ రెక్క పట్టి కూర్చోబెట్టాడు. దీపాలు పెట్టేవేళకి ఒక మాట మీదికొచ్చారు. అత్తగారికి బ్రేకులు పడేదాకా, నూకరాజు మీద వేసిన నింద తీసేదాకా, ఏ బండీ కదలదు, ఏ బస్తా లేవదు.

మర్నాడు సబినస్పెక్టరు, ఇద్దరు జవాన్లు వచ్చారు. ఆవరణంతా జనం.

"బండి భేషుగ్గా ఉందండి. బ్రేకులు మొన్ననే చూపించాం" అన్నాడు భీమశంకరం. సబినస్పెక్టరు బండి వైపైనా చూడకుండా తలాడించి, సైఫుల్లాని పిలిచాడు.

సైఫుల్లా ముందుకొచ్చాడు. ఎదురుగా కొత్త లారీ ఉంది. తల్లి గుర్తొచ్చింది, ఏడుపొచ్చింది. అయినా గొంతు పెంచి చెప్పాడు.

"నూకరాజన్న తాగలేదండి. బండికి బ్రేకుల్లేవండి. నడిపింది నేనే."

"నడిపింది నువ్వేగా? అంతే చాలు." జేబులోంచి లైసెన్సు లాక్కుని బేడీలు వేశారు.

"ఏలూరు దాకా మా బండిలోనే తీసుకెళ్ళండి. ఒరేయ్ ఎలీయాజరూ, బండి తియ్యి!" అన్నాడు భీమశంకరం.

ఎలీయాజరు కొత్త లారీలన్నీ దాటుకుంటూ పోయి అత్తగారి తలుపు తీసి పట్టుకున్నాడు.

"దయచేయండి అయ్యగారూ."

"ఇదెందుకురా, ఆ కొత్తది తియ్యి!" అని భీమశంకరం అరిచాడు.

"దీనికేమైందండీ? భేషుగ్గా ఉందని ఇప్పుడే సెలవిచ్చారు గదండీ. అయ్యగారు ముందు కూర్చుంటారు, పక్కన తమరు కూర్చోండి. వంతెన మీద ఆగితే చెక్క పెట్టే మనిషి మాత్రం లేడండి. నిన్ననే పోయాడు."

సబినస్పెక్టరు మెట్టు మీద కాలు పెట్టాడు. భీమశంకరం వైపు చూశాడు. భీమశంకరం నేల చూపులు చూశాడు. సబినస్పెక్టరు మెల్లిగా కాలు దించాడు.

"దిగాడు! దిగాడర్రా!" అని ఆడకూలీలు అరిచారు. మిల్లు దద్దరిల్లింది.

"తియ్యండ్రా కొత్త బండి! ఎవడైనా తియ్యండి!" అని భీమశంకరం గంతులేశాడు. డ్రైవర్లు చేతులు కట్టుకు నిలబడ్డారు. హమాలీలు బస్తాల మీద కూలబడ్డారు. చేసేది లేక సబినస్పెక్టరు సైఫుల్లాని నడిపించుకుంటూ రైలు స్టేషను దారి పట్టాడు. వెనక రత్నం కదిలింది. ఆమె వెనక ఎలీయాజరు, డ్రైవర్లు, హమాలీలు, చేటలు చంకన పెట్టుకున్న ఆడవాళ్ళు, అందరూ కదిలారు.

సబినస్పెక్టరు వెనక్కి తిరిగి లాఠీ ఎత్తాడు. "మీరంతా ఎక్కడికి?"

"సాక్ష్యం చెప్పడానికండి" అంది రత్నం.

"నువ్వు చూశావా, మీ ఆయన పడ్డం?"

"లేదండి. మీరు బండెక్కకపోవడం చూశానండి. వీళ్ళంతా చూశారండి."

లాఠీ అలాగే గాలిలో ఉండిపోయింది. జనం ఒక అడుగైనా వెనక్కి వెయ్యలేదు.