గచ్చు కింద మొద్దు

పొద్దున్నే ఆవిడ చీపురు పట్టుకుని పెరట్లోకి వెళ్ళేసరికి మళ్ళీ పదకొండు పిలకలు. మొన్న ఆదివారమే అన్నీ కోసి పారేసింది. ఐదు రోజుల్లో జానెడు ఎత్తుకి లేచి, లేత ఆకులు వేసుకుని, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాయి. ఆవిడకి ఏడుపొక్కటే తక్కువ.

ఈ దరిద్రమంతా మేస్త్రి చేసిన నిర్వాకం. అవును, ఆవిడ మొగుడే. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళకి ఇళ్ళు కట్టిన మనిషి. స్నానాలగది గొట్టంలోకి వేళ్ళు దూరుతున్నాయని నిరుడు పెరట్లో చెట్టు కొట్టించాడు. కొట్టించాడు, బాగానే ఉంది. మొద్దు కూడా తవ్వి తీయించెయ్యమని చెట్టు కొట్టినవాడు చెప్పాడు, పక్కింటాయన చెప్పాడు, ఆవిడైతే నెత్తీ నోరూ కొట్టుకుంది. వింటేగా! మూడంగుళాల సిమెంటు పోస్తే దాని తాత కూడా పైకి రాడని, మొద్దు మీదే కంకర పరిచి, పెరడంతా నున్నగా గచ్చు చేసేశాడు. సిమెంటు పోస్తే ఆగనిది ఈ లోకంలో ఏదీ లేదని ఆయనగారి నమ్మకం. ఆర్నెల్లు తిరక్కుండానే గచ్చు పగిలింది. పగులు పగులుకీ ఓ పిలక.

అదొక్కటే అయితే ఆవిడ ఎలాగో పడేది. రెండు నెలల కిందట మేస్త్రి పరంజా మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ బాగానే జరిగింది, ఎముక అతుక్కుంది. మనిషి మాత్రం పెరటి వరండాలో కుర్చీకి అతుక్కుపోయాడు. వాకర్ కొని పక్కన పెడితే దాని మీద తువ్వాలు ఆరేసుకుంటున్నాడు. ఎక్సర్‌సైజులు చేయించే అమ్మాయి బతిమాలింది, బెదిరించింది. చివరికి మొన్న ఆవిడని గుమ్మం దాకా పిలిచి మెల్లగా చెప్పేసింది, ఈ నెలలో నడక మొదలుపెట్టకపోతే కండలు కరిగిపోతాయని, ఆ తర్వాత నడుస్తారని తను చెప్పలేనని. ఆ మాట విన్నప్పట్నుంచి ఆవిడకి ముద్ద దిగడం లేదు. ఒకప్పుడు గోడ వంకరగా ఉందని ఎవరైనా అంటే ఒంటికాలి మీద లేచేవాడు. ఇప్పుడు రెండు కాళ్ళ మీదా లేవమంటే లేవడు. మళ్ళీ పడతానేమోనని భయం. అది ఒప్పుకోడు, నొప్పి అంటాడు.

కాళ్ళు కదలకపోయినా నోరు మాత్రం భేషుగ్గా ఉంది. ఆవిడ కొడవలి పట్టుకుని వంగిందో లేదో కుర్చీలోంచి మొదలు. అలా కొయ్యకు, వేరుతో లాగు. అలా లాగకు, మెలితిప్పి లాగు. ఆవిడ మెలితిప్పింది. పిలక పుటుక్కున తెగి చేతికొచ్చింది, వేరు గచ్చు కిందే ఉండిపోయింది. అదీ ఆవిడ తప్పేనట, చేతుల్లో బలం లేదట. కిందటి నెల ఎవరో చెప్పారని ఉప్పు పోసింది, మరిగే నీళ్ళు పోసింది. ఆకులు మాడి, వారం తిరిగేసరికి ఒకటున్న చోట రెండు లేచాయి. గచ్చు పగలగొట్టి మొద్దు తీయిద్దామని ఆవిడ అన్నప్పుడల్లా, నేను పోసిన గచ్చు ముట్టుకుంటే ఊరుకోనని ఒకటే రంకెలు.

ఆవేళ పదకొండో పిలక కూడా తెగి చేతికొచ్చాక ఆవిడ నడుం పట్టుకుని లేచింది. ఒళ్ళు మండిపోయింది. పిలకల మీద, గచ్చు మీద, ఆ కుర్చీ మీద, అందులో కూర్చున్న మనిషి మీద. కొడవలి అవతల పారేసి, గోడవార ఉన్న మేస్త్రి సామాన్లలోంచి గునపం లాగింది.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు మేస్త్రి.

"పగలగొడుతున్నా. మీ గచ్చూ వద్దు, మీ పెత్తనమూ వద్దు. రెండు నెలల్నుంచి ఒక్కదాన్నే చస్తున్నాను."

రెండు చేతులా ఎత్తి ఒక్క పోటు వేసింది. గునపం ఠంగున జారింది. ముక్క లేవలేదు సరికదా, బాగున్న చోట పెద్ద గాటు పడింది. రెండో పోటుకి అడ్డంగా బీట తీసింది. వెనక మేస్త్రి కేకలు పెడుతూనే ఉన్నాడు. అక్కడ కాదు, అడ్డంగా కొట్టకు, గచ్చంతా పోతుంది. ఆవిడ వినదలుచుకోలేదు. మూడోది వేసింది, నాలుగోది వేసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగి ఎక్కడ కొడుతోందో కూడా కనిపించడం లేదు.

కాసేపటికి కేకలు ఆగాయి. ఆగాయన్న సంగతి ఆవిడ గమనించనే లేదు.

"అక్కడ కాదన్నానా. మొద్దు ఇటుంది. ఈ పగుల్లో పెట్టి పైకి మీటు."

గొంతు చెవి పక్కనే వినిపించింది. ఆవిడ తల తిప్పింది. మేస్త్రి వాకర్ పట్టుకుని గచ్చు మధ్యలో నిలబడి ఉన్నాడు. వరండా మెట్టు కూడా దిగి వచ్చాడు. మొహమంతా చెమట, మోకాళ్ళు గజగజ వణుకుతున్నాయి. చూపు మాత్రం బీట తీసిన గచ్చు మీదే ఉంది. తను ఎక్కడ నిలబడ్డాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

అమ్మో, నడిచాడు. ఆవిడకి అక్కడే కూర్చుని బావురుమనాలనిపించింది. కానీ నోరు విప్పితే ఆ మనిషి తన కాళ్ళ వంక చూసుకుంటాడు, చూసుకుంటే భయం గుర్తొచ్చి కూలబడతాడు. పట్టుకోబోయిన చెయ్యి వెనక్కి తీసుకుంది. గునపం ఈడ్చుకుంటూ ఇంకో నాలుగడుగులు అవతలికి, మొద్దుకి సంబంధమే లేని మూలకి వెళ్ళి నిలబడింది.

"ఇక్కడేనా?" అంది.

"నీ మొహం" అన్నాడు మేస్త్రి, వాకర్ ఎత్తి ముందుకు వేసుకుంటూ.