వాగు మొగలో చన్నీళ్లు

అడవుల్లో రేగిన మంటల పొగకి మోంటానా ఆకాశమంతా బూడిదరంగుకి తిరిగింది. నడినెత్తిన సూర్యుడు ఎర్రగా, చూడటానికే భయంగా ఉన్నాడు. ఏరు చిక్కిపోయి రాళ్లు తేలింది. వెర్నా నీళ్లలో ముంచిన థర్మామీటర్ పైకి తీసి చూసింది.

"వద్దన్నయ్యా. నీళ్లు కాగిపోతున్నాయి. ఈ వేడికి ట్రౌట్ చేపకి ఊపిరే ఆడదు, పట్టి వదిలినా బతకదు. ఇంటికి పోదాం పద."

"చాల్లేవే నీ చాదస్తం! నేను వదిలిన చేప చచ్చిందని ఇన్నేళ్లలో ఎవడైనా అన్నాడా?"

నిజమే, ఎవడూ అనలేదు. పట్టిన ప్రతి చేపనీ పసిబిడ్డలా చూసుకుని మళ్లీ ఏట్లోకి వదిలే మనిషి ఆర్లో. దాని ఒంటికి పొడిచెయ్యి తగలనివ్వడు. ఆ పేరు నిలబెట్టుకుంటూనే ముసలాడయ్యాడు. ఇవాళ ఆ పేరే అతని కళ్లకి గంతలు కట్టింది.

కొండ మీంచి దిగిన వాగు ఏట్లో కలిసే మొగ దగ్గర ఆగాడు. గదంత చోటులో చేపలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నల్లగా కిక్కిరిసి ఉన్నాయి. మనిషి నీడ పడ్డా కదల్లేదు.

"చూడవే! ఏరు చచ్చిపోయిందని ఊరంతా ఏడ్చారుగా? ఇన్నింటిని ఒక్కచోట నా జన్మలో చూళ్లేదు!"

"అదే నా భయం. మిగతా ఏట్లో ఒక్కటైనా కనబడిందా నీకు?" వెర్నా నడి ఏటి వైపు వేలు చూపింది. "ఉన్నవన్నీ ఇవేనేమో అన్నయ్యా. చల్లదనం కోసం ఇక్కడ తలదాచుకున్నాయి."

వింటేగా! గాలం విసిరాడు. పడీపడగానే ఒకటి చిక్కింది. మూరెడు పొడవుంది గానీ పెనుగులాడనే లేదు. ఆర్లో మనసు ఒక్క క్షణం కీడు శంకించింది. చన్నీళ్లలోనే వదిలితే సరిపోతుందిలే అనుకుని మొగలోకి దిగాడు. తడిచేతులతో పొదివి పట్టుకుని, దాని మూతి ఎదురునీటికి పెట్టి, మొప్పలు ఆడేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. అది తోక ఆడించి జారిపోయింది.

"బతికిందే! చూశావా?"

తలెత్తాడు. అతని కాళ్ల అలికిడికి గుంపంతా చెదిరి నడి ఏటిలోకి, ఆ వేడి నీళ్లలోకి పోయింది. నీటి మీద నోళ్లు తెరుచుకుంటున్నాయి.

"బయటికి రా!" వెర్నా అరిచింది. "వాటి చోట్లో నువ్వు నిలబడ్డావ్!"

ఆర్లో పరుగున రాబోయి జారిపడ్డాడు. ఆ తన్నులాటకి మొగంతా బురదైంది. ఎలాగో ఒడ్డెక్కి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు.

నీళ్లు తేటపడ్డాయి. అడుగున ఇసుక తప్ప ఏమీ లేదు.

"వస్తాయిలేవే. వస్తాయి."

పొద్దు వాలేదాకా చూశారు. అతని చేతుల్లోంచి జారిపోయిన ఆ ఒక్కటే తిరిగొచ్చింది. తక్కినవి తెల్లటి పొట్టలు పైకి తేలి, ఒకదాని వెనక ఒకటి కిందికి కొట్టుకుపోయాయి.