బీరువాలో వైఫై

నేనొక వైఫై పెట్టెను. నెత్తిన రెండు కొమ్ములున్నాయి గానీ ఎవరినీ పొడిచిన పాపాన పోలేదు. ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. పుట్టగానే ఒకమ్మాయి నా అడుగున స్టిక్కరు అంటించి అట్టపెట్టెలో పడేసింది, అంతే నా బారసాల. లారీలెక్కి, గోడౌన్లలో పడుకుని, చివరికి రావులపాలెంలో నరసింగరావు గారింటికి చేరాను. ఆయన స్టోర్‌కీపర్‌గా చేసి రిటైరైన మనిషి. ఇంట్లో అగ్గిపెట్టెకైనా తాళం వేద్దామనే రకం.

ఇంటికి నెట్ కావాలన్నది ఆయన భార్య మాణిక్యాంబ గారు. ఊళ్ళో ఏ పెళ్ళయినా పూతరేకులు చుట్టేది ఆవిడే. తిన్నవాళ్ళు బావున్నాయన్నారే గానీ, చుట్టిందెవరని ఒక్కరూ అడగలేదు. ఇన్నాళ్ళకి ఫోన్లో జరిగే మిఠాయిల పోటీలో ఫైనలుకొచ్చారు. జడ్జీలు చూస్తుండగా లైవులో చుట్టాలి. బొమ్మ ఆగిపోతే పోటీలోంచి తీసేస్తారు. ఆవిడ ప్రాణమంతా దానిమీదే.

మూడు కంపెనీల వాళ్ళొచ్చారు. ఒకడు స్పీడన్నాడు, ఒకడు సినిమాలు ఉచితమన్నాడు. నరసింగరావు గారు అందరికీ కాఫీలిప్పించి, అన్నీ విని, ఒకే ఒక్క మాట అడిగారు.

"పెట్టె మా బీరువాలో పెట్టి తాళం వేసుకుంటాం. వెనక చిల్లు పొడిచి తీగ లోపలికి లాగుతారా?"

"ఇనప బీరువాలోనా! నెట్ బయటికెలా వస్తాదండీ?" అంటూ ఇద్దరు చెప్పులేసుకున్నారు. మూడోవాడు సూరిబాబుకి ఆ నెల టార్గెట్ ఇంకా మిగిలుంది కాబోలు, "ఆయ్, పొడిచేద్దారండి" అన్నాడు. అలా మా కంపెనీ నెగ్గింది.

"బీరువాలో ఎందుకండీ, విడ్డూరం కాకపోతే!" అన్నారు మాణిక్యాంబ గారు.

"నీకు తెలీదే. బయట పెడితే వీధివీధంతా లాగేసుకుంటారు."

"పాస్‌వర్డ్ ఉంటాదండి" అని సూరిబాబు గొణిగాడు. తాళంచెవి ముందు అదెంత అన్నారాయన.

ఆవిడ నాకు బొట్టు పెట్టి, కుచ్చుల ముసుగొకటి కుట్టి తొడిగారు. ఆయన నన్ను పట్టుచీరల మధ్య కూర్చోబెట్టి తాళం వేశారు. చీకటి, కలరా ఉండల కంపు. నా లైట్ల వెలుగులో చూద్దును కదా, చీరల వెనక గాజు సీసా నిండా కజ్జికాయలు! ఆయనకేమో షుగరు. డాక్టరు తీపి ముట్టుకోవద్దన్నాడు.

"నెట్ చూసొస్తానే" అని ఘడియకోసారి గదిలోకొచ్చేవారు. మొలతాడుకున్న తాళంచెవితో బీరువా తీసి, నావైపు కన్నెత్తైనా చూడకుండా ఓ కజ్జికాయ నమిలి, నా ముసుగుకే మూతి తుడుచుకునేవారు. ఫోన్లో బొమ్మ కదలట్లేదని ఆవిడ మొత్తుకుంటే, "దిక్కుమాలిన కంపెనీ, మార్చేద్దాం" అనేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఫైనల్ రోజొచ్చింది. నాకు దగ్గరగా ఉంటే నయమని మాణిక్యాంబ గారు బీరువా ముందే చాప వేశారు. రేకులెగిరిపోతాయని ఫ్యాను ఆపేశారు. నెయ్యి రాసి, బెల్లంపొడి చల్లి, మొదటి మడత పెట్టారో లేదో బొమ్మ ఆగిపోయింది.

"మాణిక్యాంబ గారూ, కనబడట్లేదండీ, తీసెయ్యమంటారా?" అంది ఫోను.

"ఏవండీ! ఆ తలుపు తియ్యండి!"

"వేరే కంపెనీని పిలుస్తానే..."

"ఇప్పుడా! మీకు దండం పెడతాను, తియ్యండి!" ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

పాపం, ఆయన మొహం చూడాలి. ఆవిడని చూశారు, బీరువాని చూశారు, చెమట తుడుచుకున్నారు. కళ్ళు గట్టిగా మూసుకుని తలుపులు రెండూ బార్లా తెరిచేశారు. నాకు ఊపిరొచ్చింది. బొమ్మ చకచకా కదిలింది.

"ఆహా, వెనక సీసాలో కజ్జికాయలు కూడా మీరు చేసినవేనా అమ్మా?" అని జడ్జి అడిగింది.

ఆవిడ వెనక్కి తిరిగి చూశారు. చెయ్యి వణికితే రేకు చిట్లుతుంది. వణకలేదు.

"కాదండీ. బజారువి" అని చెప్పి ఆఖరి మడత పెట్టారు. మొదటి బహుమతి ఆవిడకే వచ్చింది. చుట్టిందెవరో లోకమంతా చూసింది.

ఫోను కట్టేశాక ఆయనవైపు తిరిగారు. "షుగరున్నా తిన్నారు, సరే. నేనింట్లో ఉండగా బజారువి తింటారా!"

"నువ్వు పెట్టవుగా!" అన్నారాయన చంటిపిల్లాడిలా. ఆవిడకి నవ్వాగలేదు. పూతరేకొకటి సగం తుంచి ఆయన చేతిలో పెట్టారు.

ఇప్పుడు నేను హాల్లో, టీవీ పక్కన, ముసుగు లేకుండా హాయిగా ఉన్నాను. మా కంపెనీని మించింది లేదని నరసింగరావు గారు వీధంతా చెబుతున్నారు. బీరువాలో నా చోట పూతరేకుల డబ్బా ఉంది. తాళంచెవి ఆవిడ కొంగున ఉంది.

పాత అలవాటు ఎక్కడికి పోతుంది! ఇప్పటికీ ఆయన ఉన్నట్టుండి కుర్చీలోంచి లేచి, "నెట్ చూసొస్తానే" అంటూ గదివైపు నడుస్తారు.

"నెట్ హాల్లో ఉందండీ" అంటారు మాణిక్యాంబ గారు.